పొగయు, నడకయు: మన్యసీమ ఆరోగ్యచరిత్రలో రెండధ్యాయములు

దేశచరిత్ర మనగనే రాజుల పట్టాభిషేకములును, యుద్ధములును, దానశాసనములును జ్ఞప్తికి వచ్చుట సహజము. కాని గ్రామచరిత్రలో కోటకన్న కాలిబాట పాతది. సింహాసనముకన్న పొయ్యి ముఖ్యమైనది. ప్రజలు ఏ గాలిని పీల్చిరి, దినమునకు ఎంత దూరము నడచిరి, ఏ వ్యాధులచే కన్నుమూసిరి అను సంగతులు శిలలపై చెక్కబడలేదు. అయినను కుటుంబముల కలిమిలేములను నిర్ణయించినవి అవియే. ఇంటి యజమాని ఏబదియేండ్లకే దగ్గుతో మూలబడినచో ఆ యింటి భూమి తాకట్టునకు పోవును. తల్లి నోటిపుండుతో మరణించినచో పెద్దకూతురు బడి మానును. ఇట్టివి ఏ చరిత్రగ్రంథమునను కానరావు గాని, ప్రతి గ్రామమునను పెద్దలకు తెలిసినవే.

తూర్పుకనుమలలోని అరకులోయ, అనంతగిరి, డుంబ్రిగుడ, హుకుంపేట, పాడేరు ప్రాంతముల వారికి ఈ చరిత్ర మరింత దగ్గరిది. పొగయు, నడకయు కొండవారి బ్రదుకులో పెనవైచుకొని యున్నవి. మొదటిది తగ్గవలసియుండగా తగ్గుట ఆలస్యమగుచున్నది. రెండవది నిలువవలసియుండగా త్వరగా తగ్గుచున్నది. ఈ రెండింటి పూర్వోత్తరములను విచారించుట గ్రంథాలయ రజతోత్సవ వేళ అప్రస్తుతము కాదు.

జ్వరముల కాలము

పూర్వము మైదానపు ఉద్యోగులకు మన్యమునకు బదిలీ యన్నచో గుండె జారెడిది. కొండయెక్కినవాడు చలిజ్వరముతో దిగునని వారి నమ్మిక. చెడుగాలి వలననో, చెడునీటి వలననో ఆ జ్వరము పుట్టునని పలువురు తలచిరి. 1897 ఆగష్టు 20వ తేదీన సికింద్రాబాదులో రొనాల్డు రాస్ అను వైద్యుడు దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని సూక్ష్మదర్శినితో చూచిన పిమ్మట ఆ రహస్యము బయటపడెను. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమము ఆరంభమై, ఊరూర ఇండ్ల గోడలకు డి.డి.టి. చల్లుట మొదలయ్యెను. మలేరియా నేటికిని మన్యమును పూర్తిగ విడువలేదు. అయినను దాని వెనుకటి బలము లేదు.

ఆ కార్యక్రమము నుండి నేర్వదగిన నీతి యొకటి కలదు. ఒక్క ఇంటివారు మాత్రమే మందు చల్లుకొని, పొరుగువారు మానినచో ప్రయోజనము స్వల్పము. దోమకు సరిహద్దు తెలియదు. ఊరంతయు కలసి చేసిన పనియే ఫలించెను. పొగకును సరిహద్దు తెలియదు. తడికెగోడ నడుమ నున్నను, తలుపు మూసియున్నను అది పొరుగువాని ఊపిరితిత్తులలోనికి పోవును. కావున పొగ విషయమునను ఊరి కట్టుబాటే మార్గము.

జ్వరమునకును, నేటి దీర్ఘవ్యాధులకును భేదమొకటి యున్నది. జ్వరము వచ్చిన దినము తెలియును. గుండెజబ్బు, రక్తపుపోటు, మధుమేహము, ఉబ్బసపు దగ్గు, కేన్సరు వచ్చిన దినము తెలియదు. ఇరువది ముప్పది సంవత్సరములు చిన్నచిన్న అప్పులవలె పెరిగి, వడ్డీతో సహా ఒక్కమారు వసూలునకు వచ్చును. ఇట్టి రోగములకు మందుకన్న ముందుజాగ్రత్తయే మేలు.

పొగాకు రాక

మన ప్రాచీన వైద్యగ్రంథములందు ధూమపానము చెప్పబడినది గదా యని కొందరు పొగాకును సమర్థింతురు. చరకసంహిత సూత్రస్థానమున ధూమపానము చెప్పబడిన మాట నిజమే. కాని అది సుగంధద్రవ్యములను, మూలికలను నూరి చేసిన వర్తులతో, నియమిత కాలములందు, కఫాది దోషముల నివారణకై చెప్పిన చికిత్స. మితిమీరినచో కలుగు కీడులును అచ్చటనే చెప్పబడినవి. అందు పొగాకు లేదు, ఉండుటకును వీలులేదు. ఏలయన పొగాకు అమెరికా ఖండపు మొక్క. పోర్చుగీసు వర్తకుల మూలమున అది భారతదేశమునకు వచ్చెను.

17వ శతాబ్ది ఆరంభమున అసద్‌బేగ్ అను ఉద్యోగి బిజాపురము నుండి పొగాకును, రత్నఖచితమైన గొట్టమును అక్బరు చక్రవర్తికి కానుకగా తెచ్చెను. చక్రవర్తి కుతూహలముతో పొగ పీల్చగా ఆస్థానవైద్యుడు వారించెను. గ్రంథములలో గుణదోషములు తెలియని వస్తువును ప్రభువు సేవింపరాదని అతని వాదము. ఆ వాదము గెలువలేదు. 1617లో జహంగీరు పొగత్రాగుటను నిషేధించెను. దానికి పూర్వమే 1604లో ఇంగ్లండు రాజు మొదటి జేమ్సు పొగాకును నిందించుచు ఒక చిన్న పుస్తకమే వ్రాసెను. ఇరువురు ప్రభువుల ఆజ్ఞయు, నిందయు పొగాకును ఆపజాలకపోయినవి. ప్రజల ఒప్పుదల లేని కట్టడి నీటిమీది వ్రాత యగునని ఆనాడే తేలెను.

తెలుగుదేశమున పొగాకు చుట్టగా స్థిరపడెను. గోదావరి లంకల పొగాకు పేరు మోసెను. విజయనగరమున 1892లో ప్రదర్శింపబడిన కన్యాశుల్క నాటకమున గిరీశము శిష్యునికి నేర్పిన విద్యలలో చుట్ట కాల్చుటయు నొకటి యని చదువరు లెరిగినదే. ఆ కాలమున చుట్ట నాగరికతకు గుర్తుగా నెంచబడెనని దానివలన తెలియుచున్నది. 20వ శతాబ్దమున గుంటూరు సీమలో వర్జీనియా పొగాకు విస్తరించి, వేలకొలది రైతులకు జీవనాధారమయ్యెను. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థయు, 1976లో పొగాకు బోర్డును ఏర్పడినవి. పొగను మానుడని చెప్పునప్పుడు ఈ రైతుల కడుపును మరచుట న్యాయము కాదు. అయినను వారి బ్రదుకుతెరువునకై కొండబిడ్డ ఊపిరితిత్తులను వెలగా పెట్టుమనుటయు న్యాయము కాదు.

అడ్డపొగ

ఉత్తరాంధ్రమున చుట్టకు మరియొక వింత యలవాటు తోడయ్యెను. అదియే అడ్డపొగ. నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని, రెండవకొనను వెలుపలికి పెట్టి త్రాగుట దీని విధము. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల పల్లెలలో పురుషులకన్న స్త్రీలయందే ఈ యలవాటు మెండు. నిప్పు నోటిలో నుండుటచే గాలికి ఆరదు, వాననీటికి తడియదు, చంకబిడ్డపై నిప్పురవ్వ పడదు, ఒక్క చుట్ట చాలసేపు వచ్చును. పేదరాలికి ఇన్ని సౌకర్యములు తోచినప్పుడు అలవాటు వేళ్లు పాతుకొనుటలో నాశ్చర్యము లేదు. తల్లిని చూచి కూతురు, అత్తను చూచి కోడలు నేర్చికొనుచు వచ్చిరి. మధ్య అమెరికా, కరీబియను ద్వీపములు, ఫిలిప్పీను దీవులు, సార్డీనియా మున్నగు దూరదేశములందును ఇట్టి యలవాటు వేర్వేరుగా పుట్టినట్లు వైద్యులు గుర్తించిరి.

దీని ఫలితము అంగిటిపై పడెను. లోకమున నోటి కేన్సరు సాధారణముగ నాలుకకో, బుగ్గకో వచ్చుచుండగా, ఈ సీమలో నోటి పైకప్పునకు, అనగా గట్టి అంగిటికి, వచ్చుచుండెను. విశాఖపట్టణమున 1923లో వైద్యకళాశాల వెలసెను. అచ్చటి వైద్యులు తమ యెదుటి రోగులను బట్టి ఈ విశేషమును గమనించిరి. 1937లో ఎం.జి. కిని, సుబ్బారావు గార్లు కేన్సరు సమస్యపై వ్రాసిన వ్యాసమున ఈ యలవాటును ప్రస్తావించిరి. పిమ్మట ఆ కళాశాల పరిశోధకులు అడ్డపొగకును, అంగిటి కేన్సరునకును గల సంబంధమును పలుమారులు పరీక్షించిరి. పరదేశపు పుస్తకములలో లేని వ్యాధిని పల్లెటూరి స్త్రీల నోటిలో చదివి, లోకమునకు తెలిపినది మన ప్రాంతపు వైద్యశాలయే యని గర్వింపవచ్చును. ఆ జ్ఞానమునకు మూల్యము చెల్లించినది ఆ స్త్రీలే యని విచారింపవలయును.

ఇంటింటికి నడచిన వైద్యులు

1966 మొదలు బొంబాయి టాటా పరిశోధన సంస్థకు చెందిన ఫాలీ మెహతా గారును, వారి సహచరులును, డెన్మార్కు దేశపు పిండ్‌బోర్గు పండితుని తోడ్పాటుతో, దేశమందలి అయిదు జిల్లాలలో పల్లెప్రజల నోళ్లను పరీక్షించిరి. వానిలో శ్రీకాకుళము ఒకటి. నాడు శ్రీకాకుళము జిల్లాలో సాలూరు, పార్వతీపురము ప్రాంతములు కూడ చేరియుండెను. 1979లో విజయనగరము జిల్లా ఏర్పడిన తరువాతనే అవి వేరైనవి. శ్రీకాకుళమున సుమారు పదివేలమందిని చూడగా, నూటికి నలుబదిమందికి పైగా అడ్డపొగ త్రాగువారే యని తేలెను. అంగిటి కేన్సరులు ప్రధానముగా వారియందే కానవచ్చెను.

లెక్క తేల్చుటతో వారి పని ముగియలేదు. 1977లో శ్రీకాకుళము, కేరళలోని ఎర్నాకులము, గుజరాతులోని భావనగరము జిల్లాలలో 36,000 మంది పొగాకు సేవించువారిని చేర్చుకొని, మానిపించు ప్రయత్నము నారంభించిరి. ఏటేట ఇంటికి పోయి నోరు పరీక్షించుట, పుండు లేక తెల్లమచ్చ కానవచ్చినచో వారికే చూపి బోధించుట, చలనచిత్రములు, గోడపత్రికలు, వార్తాపత్రికలు, రేడియో మూలమున ప్రచారము చేయుట వారి పద్ధతి. తిట్టలేదు, జరిమానా వేయలేదు. అయిదేండ్ల పిదప, బోధన పొందని పూర్వపు సమూహముతో పోల్చి చూడగా, పొగాకు మానినవారును తగ్గించినవారును ఎక్కువైరి. కేన్సరునకు దారితీయు మచ్చలు తక్కువయ్యెను. ఈ ఫలితములు 1986లో లాన్సెట్ అను ప్రసిద్ధ వైద్యపత్రికయందు ప్రకటింపబడినవి.

ఈ యుదంతమున గుర్తింపదగిన సంగతి యేమనగా, మానినవారు అందరును కారు. అలవాటు బలవత్తరమైనది. కాని మాటచేత మానుదురా యను సందేహమునకు మాత్రము సమాధానము దొరకెను. అక్షరజ్ఞానము లేని వృద్ధురాలు సైతము, తన యంగిలిని అద్దములో చూపి, గౌరవముతో చెప్పినచో వినును. జహంగీరు ఆజ్ఞ సాధింపలేని కార్యమును వాకిట కూర్చుండి చెప్పిన మాట కొంతవరకు సాధించెను.

పరుల పొగ

త్రాగువానికి కలుగు కీడు 1950లోనే ఇంగ్లండున డోల్, హిల్ అను వైద్యుల పరిశోధనచే స్పష్టమయ్యెను. 1964 జనవరి 11న అమెరికా ప్రభుత్వపు ప్రధానవైద్యాధికారి నివేదికయు అదియే చెప్పెను. అయినను చాలకాలము, త్రాగువాడు తన ఆరోగ్యము తాను చెడగొట్టుకొనుచున్నాడు, ఇతరులకేమి యని లోకము ఊరకుండెను. 1981లో జపానుదేశపు హిరయామా పండితుడు, పొగత్రాగని తొంబదివేలమందికి పైగా ఇల్లాండ్ర వృత్తాంతమును పరిశీలించి, భర్త అధికముగ పొగత్రాగు ఇండ్లలో భార్యలకు ఊపిరితిత్తుల కేన్సరు హెచ్చుగ వచ్చుచున్నదని తెలిపెను. దానితో ప్రశ్నయే మారిపోయెను. పొగత్రాగుట సొంతవిషయమను వాదమునకు పునాది కదలెను.

భారతదేశమున 1975 చట్టము సిగరెట్టు పెట్టెలపై హెచ్చరికను మాత్రము విధించెను. 1999లో కేరళ ఉన్నతన్యాయస్థానము బహిరంగస్థలములందు పొగత్రాగుటను నిషేధించెను. 2001 నవంబరు 2వ తేదీన సుప్రీముకోర్టు దేశమంతటికి వర్తించునట్లు ఆదేశించుచు, ఆసుపత్రులు, విద్యాలయములు, కోర్టులు, ప్రభుత్వ కార్యాలయములు, రైళ్లతో పాటు గ్రంథాలయములను కూడ పేర్కొనెను. 2003లో పార్లమెంటు చేసిన చట్టమున గ్రంథాలయము బహిరంగస్థలముగ పేరుతో సహా చేర్చబడినది. 2008 అక్టోబరు 2న, గాంధీజయంతి దినమున, నిబంధనలు అమలులోనికి వచ్చెను. పొగత్రాగినవానికి 200 రూపాయల వరకు జరిమానా. ద్వారముచెంత 60 సెంటిమీటర్ల పొడవు, 30 సెంటిమీటర్ల వెడల్పునకు తక్కువకాని హెచ్చరికపలక ఉండవలయును. పదునెనిమిదేండ్లు నిండనివారికి పొగాకు అమ్మరాదు. విద్యాలయమునకు నూరుగజముల లోపల అంగడి పెట్టరాదు.

చట్టము పట్టణములో పుట్టినను, ఊరు తలచినచో దానిని మించి చేయగలదు. నాగాలాండు కొండలలోని గరిఫేమా గ్రామము 2014లో తన గ్రామసభ తీర్మానముచే పొగాకురహిత గ్రామముగ ప్రకటింపబడెను. అచ్చటివారును కొండప్రజలే, వారికిని చలిరాత్రులు, పండుగలు, అలవాట్లు కలవు. మన షెడ్యూల్డు ప్రాంతమునకును 1996 నాటి పంచాయతీల విస్తరణ చట్టము గ్రామసభకు విశేషాధికారములను ఒసంగినది. మత్తుపదార్థముల అమ్మకమును, వాడుకను నియంత్రించు అధికారము అందొకటి. 1922 నాటి మన్యపు తిరుగుబాటునకు పూర్వమే అల్లూరి సీతారామరాజు కల్లుసారాలను మానుడనియు, తగవులను కోర్టుల కెక్కింపక పంచాయతీలలో తీర్చుకొనుడనియు గూడెము ప్రాంతపు గిరిజనులకు బోధించెను. ఊరి మేలును ఊరే నిర్ణయించుకొనవలయునను భావము ఈ కొండలకు క్రొత్తది కాదు.

పొయ్యి పొగ

చుట్ట ముట్టని స్త్రీకి గూడ పొగ తప్పినదా? తప్పలేదు. కొండయింట పొయ్యి వంటకు మాత్రమే కాదు. మార్గశిర పుష్యమాసముల చలికి అదియే కంబళి. దోమలకు అదియే కాపలా. పైన వ్రేలాడదీసిన విత్తనపు మొక్కజొన్న కంకులను పురుగుపట్టకుండ కాపాడునదియు ఆ పొగయే. ఇన్ని ఉపకారములు చేయుచున్న పొగను శత్రువని చెప్పినచో ఇల్లాలు నమ్మకుండుట సహజము. కాని కిటికీలేని గదిలో పచ్చికట్టెల పొగ నిత్యము పీల్చు స్త్రీలకును, వారి యొడిలోని శిశువులకును శ్వాసరోగములు సంక్రమించుట వైద్యసిద్ధము.

ఈ బాధను గుర్తించిన తెలుగునేలలోని ప్రథములలో హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలకు చెందిన ఎస్.పి. రాజు గారు స్మరింపదగినవారు. 1950ల దశకమున వారు మట్టితోనే కట్టదగిన పొగగొట్టపు పొయ్యిని రూపొందించి, లక్షలాది వంటయిండ్లకు పొగబాధ తప్పింపవలెనని ప్రచారము చేసిరి. 1980ల దశకమున కేంద్రప్రభుత్వము మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమమును చేపట్టెను. 1999లో ఆంధ్రప్రదేశమున దీపము పథకమును, 2016 మే 1న దేశమంతట ఉజ్జ్వల యోజనయు వంటగ్యాసును పేద ఇల్లాండ్ర పేరిట అందించినవి. అయినను సిలిండరు ఖాళీయైన దినమున మరల కట్టెపొయ్యి వెలుగుచునే యున్నది. కొండమీదికి సిలిండరు చేర్చుకూలి, రెండవమారు కొనుటకు రొక్కము చిక్కులు. కావున గ్యాసు ఉన్నను, గోడకు కిటికీ, కప్పునకు పొగగూడు, వసారాలో పొయ్యి, ఎండుకట్టెల నిలువ అను పాతయుపాయములను విడువరాదు. విత్తనపు కంకులకు వేరొక పొగగుడిసె కట్టుకొనవచ్చును; బిడ్డకు వేరొక ఊపిరితిత్తులు కట్టలేము.

నడక కథ

ఇక రెండవ యధ్యాయము నడక. మన్యపు నడకను గూర్చి పట్టణవాసులు ముచ్చటగా చెప్పుదురు. కాని ఆ నడకలో చాలభాగము ఇష్టముతో నడచినది కాదు. ఉప్పునకై, బట్టకై, కొండలు దిగి సంతకు పోవలయును; కావిడిలో చింతపండు, అడ్డాకులు, కరక్కాయలు మోయవలయును. అధికారి వచ్చినచో అతని సామాను వెట్టిగ మోయవలయును. నర్సీపట్టణము నుండి చింతపల్లికి బాట వేయునప్పుడు గూడెము డిప్యూటీ తహసిల్దారు బాస్టియను గిరిజనులచే చాలీచాలని కూలికి పని చేయించిన దౌర్జన్యము 1922 ఆగష్టు 22న చింతపల్లి పోలీసుస్టేషను ముట్టడికి దారితీసిన కారణములలో నొకటి. రోగిని డోలీలో మోసి మైళ్లు నడచుట నేటికిని కొన్ని గూడెములకు తప్పలేదు. దారిలో ప్రసవించిన తల్లులున్నారు. దారిలోనే ప్రాణము విడిచినవారున్నారు. ఇట్టి నడకను ఆరోగ్యసాధనమని కొనియాడుట కష్టమెరుగనివాని మాట.

కావున బాటలు వలయును. 1960ల దశకమున కొత్తవలస నుండి కిరండోలు వరకు రైలుమార్గము కొండలు తొలిచి వేయబడెను. బైలదిల్లా ఇనుపఖనిజమును రేవునకు దింపుట దాని ముఖ్యోద్దేశమైనను, అరకులోయ ప్రజలకు విశాఖపట్టణము దానిచే దగ్గరయ్యెను. ఆ మార్గముననే శిమిలిగుడ స్టేషను సముద్రమట్టమునకు సుమారు 996 మీటర్ల ఎత్తున నున్నది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అటవీఫలసాయమును కొనుట మొదలిడెను. 2025 ఏప్రిలులో డుంబ్రిగుడ మండలము పెదపాడున గిరిజన గ్రామముల రహదారులకై అడవితల్లి బాట అను కార్యక్రమము ప్రారంభింపబడెను. అంబులెన్సు గడపవరకు రావలయుననుట ప్రతి గూడెమునకును గల హక్కు.

బాట వచ్చినవెంటనే మరియొక మార్పును వచ్చుచున్నది. ఆటో, మోటారుసైకిలు వచ్చి, కూతవేటు దూరమునకు గూడ కాలు కదలుట మానుచున్నది. చోడి అంబలి, సామల అన్నము తగ్గి, తెల్లబియ్యము, చక్కెరటీ, పొట్లపు చిరుతిండ్లు హెచ్చుచున్నవి. కష్టపు నడక పోవుట మేలే. దానితోపాటు నడకయే పోవుట కీడు. ఈ భేదమును గుర్తించుటయే నేటి తరము వివేకము.

దీనికి నిదర్శనము పరదేశమున దొరకును. 1953లో లండను నగరమున మోరిస్ అను వైద్యుడు రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించెను. డ్రైవరు దినమంతయు కూర్చుండును. కండక్టరు దినమంతయు మెట్లెక్కి దిగును. ఇరువురును ఒకే బస్సులో, ఒకే ఊరిలో పనిచేయువారు. గుండెజబ్బు డ్రైవర్లకు హెచ్చుగను, కండక్టర్లకు తక్కువగను వచ్చుచున్నదని తేలెను. మన వాగ్భటుడు వ్యాయామము దేహబలములో సగమునకు మించకుండ చేయుమని నియమించి యుండెను. నేడు ప్రపంచ ఆరోగ్యసంస్థ పెద్దలకు వారమునకు కనీసము 150 నిమిషముల మితశ్రమ అవసరమని చెప్పుచున్నది. దినమునకు లెక్కించినచో అది అరగంటలోపు నడకయే. 2023లో ప్రకటింపబడిన భారత వైద్యపరిశోధన మండలి అధ్యయనము దేశమున పదికోట్లమందికి పైగా మధుమేహులున్నారని అంచనా వేసెను. కొండకు ఆ వ్యాధి దూరమను ధైర్యము ఇక చెల్లదు. విశాఖపట్టణపు సముద్రతీరమార్గమున తెల్లవారుజామున వాహనములను నిలిపి, నడచువారికి విడుచుచున్నారు. పట్టణము వాహనములను ఆపి సంపాదించుకొనుచున్న భాగ్యము కొండయూరికి పుట్టుకతోనే యున్నది. దానిని పోగొట్టుకొనకుండుటయే వలసినది.

గ్రంథాలయపు వంతు

ఈ రెండు కార్యములందును గ్రంథాలయమునకు పాత్ర యేమియని యడుగవచ్చును. తెలుగునాట గ్రంథాలయము మొదటినుండియు నడకతో పెరిగినది. 1886లో విశాఖపట్టణమున మంతెన ఆదినారాయణమూర్తి గారు సరస్వతీనిలయమును స్థాపించిరి. 1935లో పాతూరి నాగభూషణము గారు కొమ్మమూరు కాలువపై పడవలో పుస్తకములను పల్లెలకు పంపిరి. చదువరి రాలేనిచో పుస్తకమే పోవలయునని వారి సంకల్పము. 1951 ఏప్రిలులో వినోబాభావే కాలినడకను పోచంపల్లి చేరగా భూదానము పుట్టెను. 1955లో ఆయన అరకుకు పొరుగునగల కోరాపుట్ కొండలలో ఊరూర నడచెను. శ్రీకాకుళము పల్లెలలో నోరు పరీక్షించిన వైద్యులును అట్లే ఇంటింటికి పోయిరి. గొప్పమార్పులన్నియు ఎవరో యొకరు వాకిటి వరకు నడచి వచ్చుటచేతనే ఆరంభమైనవని చరిత్ర చెప్పుచున్నది.

కావున గ్రంథాలయ ద్వారముచెంత చట్టము చెప్పిన పలకను తెలుగునను, ఆదివాసీ ఒరియా, కువి మాటలాడువారికి తెలియునట్లు బొమ్మతోను నిలుపుట మొదటి పని. పలకతో తృప్తిపడరాదు. సభలందును, పెండ్లిపందిళ్లలోను తాంబూలపు పళ్లెముతో బీడీకట్టయు, అగ్గిపెట్టెయు అందించు ఆచారము కొన్నిచోట్ల మర్యాదగ నున్నది. ఆ పళ్లెమునుండి వానిని తీసివేయుట పెద్దలచేతిలో నున్నది. మానదలచిన వృద్ధుని హేళన చేయక, మానిన దినములను లెక్కించి మెచ్చుకొనవలయును. పుండు, తెల్లమచ్చ, మానని దగ్గు కానవచ్చినచో ఆశా కార్యకర్తచే ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పంపవలయును.

నడక విషయమున చేయదగినవి మరింత సులభములు. గ్రంథాలయమునకు, బడికి వచ్చు కాలిబాటలను తుప్పలు నరికి శుభ్రపరుచుట, వాగుపై నడచువారికై బల్లకట్టుట, దారిపొడవున చింత, పనస, నేరేడు మొక్కలు నాటుట, సైకిళ్లు నిలుపుటకు నీడ కల్పించుట అను పనులకు పెద్దధనము అక్కరలేదు. సాయంకాలమున బండి ఇంటనుంచి, నడచివచ్చి పుస్తకము మార్చుకొనిపోవు చందాదారు రెండు మేలులను ఒక్కమారే పొందును. థింసా ఆడు పండుగరాత్రి ఊరంతయు కాలు కదపును; ఆ కదలికను మిగిలిన దినములకును కొంత పంచిపెట్టుట అసాధ్యము కాదు.

ఇరువదియైదేండ్లలో గ్రంథాలయపు బీరువాలలో పుస్తకములు పెరుగుట సంతోషము. వానిని చదువుటకు మనుష్యులు ఆరోగ్యముతో నుండుట అంతకన్న సంతోషము. అడ్డపొగచే అంగిలి కాలిన తల్లుల చరిత్ర నేటి కూతుండ్రకు చరిత్రగనే మిగులుగాక. డోలీ మోసిన భుజములకు విశ్రాంతి కలిగి, కొండబాట నెక్కు పాదములకు బలము తరుగకుండుగాక. స్వర్ణోత్సవపు సంచికను తెరచునాటికి ఈ గ్రామపు గాలి పొగలేనిదై, ఈ గ్రామపు బాటలు అడుగులజాడలతో నిండియుండినచో, రజతోత్సవము జరుపుకొన్నవారి శ్రమ సార్థకమగును.